గోడ పగిలేదాకా ఆగొద్దు, మోరీ దగ్గర మొదలుపెట్టండి

ఇంటి నీళ్ళ పైపులు ఎన్నేళ్ళకు మార్చాలి అని ఎవరైనా అడిగితే నేను అంకె చెప్పను. చెబితే మనవాళ్ళు ఏం చేస్తారో తెలిసిందే. ముప్పై అంటే ఇరవై తొమ్మిదో ఏడు దాకా గోడ నెమ్మెక్కి ఊరుతున్నా నిశ్చింతగా పడుకుంటారు, ముప్పై ఒకటో ఏడు రాగానే మంచిగున్న పైపును కూడా పీకించి పాత ఇనుము వాడికి అమ్మేస్తారు. పైపు ఎంతకాలం ఉంటుందనేది అందులో ఏ నీళ్ళు పారాయి, ఎవరు బిగించారు, ఎండలో ఉందా నీడలో ఉందా, మట్టిలో ఉందా మురికిలో ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందరికంటే ముందు చూసుకోవాల్సింది మాత్రం ఇంటి ముందు మురుగు కాలువను, అదే మోరీని, దాటి వచ్చే ముక్క, ఆ సంగతికి తరువాత వస్తాను.

వరంగల్‌లోనే చూడండి. గిర్మాజీపేటలోనో మట్టెవాడలోనో ఒక ఇల్లు, మొదటి నుంచీ నల్లా నీళ్ళే ఎక్కువగా వాడుకున్నది. హంటర్ రోడ్డు వైపు కాలనీలో ఇంకో ఇల్లు, పుట్టినప్పటి నుంచీ బోరు మీదే బతికింది. రెండూ ఒకే ఏడాది, ఒకే రకం జీఐ పైపులతో, అంటే జింకు పూసిన ఇనుప పైపులతో, కట్టారనుకుందాం. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నుంచి ఫిల్టర్ బెడ్లకు పోయి వచ్చే నీళ్ళలో సున్నం తక్కువ. బోరు నీళ్ళు మన దగ్గర గ్రానైటు రాతి పగుళ్ళలోంచి వస్తాయి, చాలాచోట్ల సబ్బు నురగ కూడా సరిగా రాదు. తాగునీటికి మన జాతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం (నీళ్ళలో కరిగిన సున్నం లాంటి లవణాల లెక్క) దాకా మంచిది, వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా సర్దుకోవచ్చు. ఆ మొదటి గీత దాటిన బోర్లు మన వైపు ఎన్నో. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి పారితే పైపు లోపల సున్నం పెచ్చు కడుతుంది, దాని కింద తుప్పు పని తుప్పు చేసుకుంటూ పోతుంది. కాబట్టి ఒకే వయసున్న ఈ రెండిళ్ళలో ఒకదానికి పైపులు మార్చాల్సి రావచ్చు, రెండోదానికి ఇంకో పదేళ్ళు ముట్టుకోనక్కర్లేదు. వయసు చూసి నిర్ణయం తీసుకుంటే ఇద్దరిలో ఒకరు తప్పకుండా నష్టపోతారు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇన్నాళ్ళూ బోరు నీళ్ళు పారిన పాత జీఐ లైనులోకి ఒక్కసారిగా చెరువు నీళ్ళో గోదావరి నీళ్ళో ఎక్కిస్తే, లోపల కట్టిన పెచ్చు కొద్దికొద్దిగా వదులై ఊడివస్తుంది. ఊళ్ళలో మిషన్ భగీరథ నల్లా పెట్టించుకున్న కొత్తలో పాత పైపులకే కనెక్షన్ కలిపిన ఇళ్ళలో ఎర్రనీళ్ళు వచ్చాయంటే కారణం సర్కారు నీళ్ళే అనుకోవడం మామూలే, నిజానికి చాలాసార్లు ఆ ఎరుపు మన పైపుదే.

అసలు మనం పైపు గురించి ఎప్పుడు ఆలోచిస్తాం? గోడ పాడైనప్పుడు. అక్కడే నాకు పేచీ. హాల్లో పెయింటు ఉబ్బితే పెయింటరును పిలుస్తాం, అతను పుట్టీ గీకి, దాని మీద నెమ్ము ఆపుతుందని రాసి ఉన్న డబ్బా ఏదో పూసి పోతాడు. వచ్చే పండుగకు అదే చోట మళ్ళీ తెల్లటి ఉప్పు పొంగుతుంది. మళ్ళీ పెయింటరు. పెళ్ళి ముందు ఒకసారి, గృహప్రవేశం చేసి పదేళ్ళయిందని ఒకసారి, ఇట్ల పెయింటుకు పెట్టిన డబ్బులతో ఇంటి పైపులన్నీ వేయించుకోవచ్చు. గోడ చుట్టాలకు కనబడుతుంది, నీళ్ళు మనకు మాత్రమే కనబడతాయి, అందుకే గోడకు ఖర్చు పెట్టడానికి వెనకాడం. మా బావ ఒకసారి బాత్రూమ్ అంతా కొత్త టైల్స్ వేయించాడు, ఇటాలియన్ డిజైన్ అని మురిసిపోయాడు, వెనక ఉన్న పైపు మాత్రం పాతదే. టైల్స్ తీసినప్పుడే మార్చుకో బావా అంటే "కారట్లేదు కదా, ఎందుకు ముట్టుకోవడం" అన్నాడు. గోడ విప్పి ఉన్నప్పుడు మార్చకపోతే మళ్ళీ విప్పినప్పుడే మార్చాలి, అప్పుడు టైల్స్ ఖర్చు ఇంకోసారి. ఆ డిజైన్ టైల్స్ అప్పటికి దుకాణంలో దొరకవు కూడా.

గోడ కంటే ముందే నీళ్ళు చెబుతాయి. దీనికి ప్లంబరు అక్కర్లేదు, ఒక తెల్ల బకెట్ చాలు. పొద్దున్నే, ఇంట్లో ఎవరూ నల్లా తిప్పకముందే, వంటింట్లో మొదటి నీళ్ళు అందులో పట్టండి. ఎర్రగానో గోధుమరంగులోనో వచ్చి, నాలుగైదు నిమిషాలు వదిలితే తేటబడితే, రాత్రంతా పైపులో నిలబడ్డ నీళ్ళు తుప్పు పట్టుకొని వచ్చాయన్నమాట. అన్ని నల్లాల్లో అట్ల వస్తుందా, ఒక్క నల్లాలోనేనా చూడండి. ఒక్కదానిలోనే అయితే జబ్బు ఆ కొమ్మకే, చెట్టంతా నరకాల్సిన పని లేదు. వేడినీళ్ళ నల్లాలోనే అయితే ముందు గీజర్ విప్పి చూపించండి, లోపలి ట్యాంకు తుప్పు పట్టి ఉండొచ్చు.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. బకెట్లో పట్టినప్పుడు నీళ్ళు తేటగా ఉండి, ఓ గంటో రెండు గంటలో నిలబెట్టాక ఎర్రబడితే అది పైపు నేరం కాదు. బోరు నీళ్ళలోనే కరిగిన ఇనుము ఉంటుంది, కరిగి ఉన్నంతసేపూ కంటికి కనబడదు, గాలి తగిలాక తుప్పుగా మారి అడుగుకు దిగుతుంది. అట్లాంటి ఇంట్లో పైపులన్నీ మార్చినా కొత్త పైపుల్లోంచి అవే ఎర్రనీళ్ళు వస్తాయి. వానాకాలంలో గల్లీ మొత్తానికి బురద రంగు నీళ్ళు వస్తే అది కూడా మీ పైపు కాదు, పక్కింటివాళ్ళను అడిగితే తెలిసిపోతుంది. రంగును చూసి భయపడే ముందు ఆ రంగు ఎప్పుడు వచ్చింది, ఎక్కడెక్కడ వచ్చింది అని చూసుకుంటే సగం టెన్షన్ అక్కడికక్కడే పోతుంది.

నీళ్ళు సన్నగా రావడం ఇంకా తికమక వ్యవహారం. సన్నగా వస్తుందనగానే "లైన్ బ్లాక్ అయింది సార్, మొత్తం మార్చాలె" అనే ప్లంబర్లు ఉన్నారు, నిజంగానే బ్లాకైనా పదేళ్ళు నెట్టుకొచ్చే ఓనర్లూ ఉన్నారు. మొదట నల్లా మూతికి ఉండే చిన్న జల్లెడ విప్పి కడగండి. తరువాత యాంగిల్ కాక్, అంటే గోడ దగ్గర నీళ్ళు కట్టేసే చిన్న వాల్వు, దానికి బిగించిన ఫ్లెక్సిబుల్ పైపు. ఆ తరువాత మేడ మీద ట్యాంకు దగ్గరి గేట్ వాల్వు. పాత ఇత్తడి గేట్ వాల్వుల్లో లోపలి బిళ్ళ తెగి కింద పడిపోతుంది, పైన చక్రం ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం సందులోంచే వస్తాయి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్ళీ నింపాక రాకపోతే పైపులో గాలి చిక్కుకొని ఎయిర్ లాక్ అయి ఉంటుంది. ఇంకోటి, పై అంతస్తు బాత్రూమ్‌లో షవర్ సన్నగా రావడం చాలా ఇళ్ళలో కట్టిన రోజు నుంచీ ఉన్నదే. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు దిగితే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ప్రెషర్ వస్తుంది, మరి ట్యాంకు నెత్తి మీదే రెండు మూడు మీటర్ల ఎత్తులో ఉంటే ఎంత వస్తుంది? దానికి పైపును తిట్టి లాభం లేదు, ట్యాంకు దిమ్మె ఎత్తు పెంచాలి లేకపోతే చిన్న పంపు పెట్టుకోవాలి.

ఇవన్నీ చూశాక కూడా, ఒకప్పుడు బాగా వచ్చిన నల్లా ఏడాదికేడాది సన్నబడుతూ ఉంటే, ముఖ్యంగా వేడినీళ్ళ లైను ముందుగా సన్నబడితే, అప్పుడు పైపు లోపల పూడుతున్నట్టే. వేడికి సున్నం ఎక్కువగా పేరుకుంటుంది కాబట్టి గట్టి నీళ్ళ ఇంట్లో గీజరు, దాని తరువాతి లైను ముందు దెబ్బతింటాయి. మనం అర్థం చేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. పైపు లోపలి వ్యాసం సగానికి తగ్గితే నీళ్ళు కూడా సగమే తగ్గుతాయనుకుంటాం. నిజానికి అదే ఎత్తు నుంచి అదే పొడవు పైపులో దిగే నీళ్ళు దాదాపు ఆరో వంతుకు పడిపోతాయి. అందుకే మొదట్లో ఏళ్ళ తరబడి తేడా తెలియదు, తెలియడం మొదలయ్యాక మాత్రం చూస్తుండగానే దారంలా అయిపోతుంది.

జీఐ పైపు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తొంభైల దాకా హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో కట్టిన ఇళ్ళలో గోడల్లో ఉన్నది ఎక్కువగా ఇదే. ఇనుప పైపు మీద జింకు పూత. జింకు తాను అరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది, జింకు అయిపోయిన రోజు నుంచి ఇనుము వంతు. ఇందులో మూడు రకాలు, పసుపు పట్టీ ఉంటే ఏ క్లాసు, నీలం పట్టీ బీ, ఎరుపు పట్టీ సీ. అర అంగుళం పైపు గోడ మందం ఏ క్లాసులో 2 మిల్లీమీటర్లు, బీలో 2.6, సీలో 3.2. చూడ్డానికి చిన్న తేడానే. కానీ జాయింటు కోసం త్రెడ్ (మర) కోస్తే ఒక మిల్లీమీటరుకు పైనే లోతు పోతుంది, అంటే పసుపు పట్టీ పైపుకు త్రెడ్ దగ్గర మిగిలేది ఒక మిల్లీమీటరు కూడా కాదు, పైగా అక్కడ జింకు పూత కూడా కొట్టుకుపోతుంది. మా బాపు 1991లో ఇల్లు కట్టించేటప్పుడు ఎర్ర పట్టీ పైపే కావాలని పట్టుబట్టి దుకాణం ముందు కూర్చున్నాడట, మేస్త్రీ నీలం చాలన్నా వినలేదు. ఆ పంతం ఎంత పని చేసిందో తరువాత చెబుతాను.

కారడం మొదలైతే ఎక్కడ కారుతుందో చూడాలి. నా లెక్క ఇది: జాయింటు దగ్గర కారితే అది జాయింటు సంగతి, పైపు నడుమ కారితే అది పైపు సంగతి. జాయింటు కారితే విప్పి మళ్ళీ బిగించొచ్చు, ఎల్బో మార్చొచ్చు. జాయింటు లేని చోట, పైపు వెన్ను మీద సన్నటి చిల్లు పడి నీళ్ళు చిమ్మితే మాత్రం క్లాంపు బిగించి సంబరపడొద్దు. లోపలి నుంచి తిన్న తుప్పు ఆ ఒక్క చోటే తిని ఆగి ఉండదు, అదే పైపులో ఇంకో నాలుగు చోట్ల కాగితమంత మందం మిగిలి ఉంటుంది. క్లాంపు వేసేది మోటారు ఆపి ప్లంబరు వచ్చేదాకా, లేదంటే పెళ్ళివారు వెళ్ళిపోయేదాకా. దాన్నే రిపేరు అనుకుంటే ఎట్ల?

జాయింట్ల విషయంలో కూడా ఒక హద్దుంది. పాత జీఐ లైనులో ఒక జాయింటు రెంచి పెట్టి తిప్పితే ఆ బలం పక్క జాయింటుకు తగులుతుంది, అది వదులైతే దాని పక్కది. ఇవాళ ఎల్బో మార్చి పోయిన ప్లంబరును నెల తిరక్కుండా ఇంకో జాయింటు కోసం పిలవాల్సి వస్తే, అతని పనితనం మీద కోప్పడకుండా ఆ లైను కాలం తీరిందేమో ఆలోచించండి. అతను కోసిన ముక్కను పారేయనివ్వకండి. చేతిలోకి తీసుకొని వెలుతురుకు పెట్టి లోపలికి చూడండి. అర అంగుళం పైపులో పెన్సిల్ పట్టేంత సందు మాత్రమే కనబడితే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. లోపల కాస్త తెల్ల పొర తప్ప గోడ గట్టిగా, గుండ్రంగా ఉంటే, మొత్తం మార్చాలన్న ప్లంబరుకు దండం పెట్టి పంపించండి. మొత్తం మార్చాలి అని ఎవరన్నా సరే, ముందు కోసిన ముక్క చూపించమనండి. చూపించకుండా గోడలు కొట్టించే హక్కు ఎవరికీ లేదు.

గోడలో ఎక్కడో కారుతుందేమో అన్న అనుమానానికి రాత్రి పరీక్ష ఉంది. పడుకునే ముందు మోటారు ఆపి, నల్లాలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటిమట్టానికి చాక్‌పీస్‌తో గీత గీయండి. పొద్దున మట్టం దిగితే ఎక్కడో పోతున్నట్టే, ముందు టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులు చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతుంది. మరుసటి రాత్రి ట్యాంకు కింది వాల్వు కూడా కట్టేసి చూడండి. అప్పుడు కూడా దిగితే ట్యాంకే కారుతుంది, దిగకపోతే లైను. సెకనుకు ఒక చుక్క అంటే ఏముందిలే అనిపిస్తుంది గానీ మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు వేసుకున్నా రోజుకు నాలుగు లీటర్లకు పైనే, అవి గోడలోకి పోతున్నాయి. నెమ్ము సంగతికొస్తే, ఇరవై నాలుగు గంటలూ ఒకేలా తడి ఉంటే నీళ్ళ లైను మీద అనుమానం, స్నానాలయ్యాక ఎక్కువై మధ్యాహ్నానికి తగ్గితే మురుగు పైపు మీదా బాత్రూమ్ గచ్చు మీదా, వానకు మాత్రమే వస్తే పైకప్పు మీద. మూడింటికీ మందు ఒకటి కాదు, నీళ్ళ లైను మార్చి మురుగు పైపు నెమ్మును ఆపలేరు.

ఇంతసేపూ గోడల గురించే మాట్లాడాను, కానీ నేను అసలు చెప్పదలచుకున్నది గోడ బయటిది. ఇంట్లో ఉన్న పైపులన్నింటిలో మొదట మార్చాల్సింది మనకు కనబడని, మనం లెక్కలోకే తీసుకోని ఒక చిన్న ముక్క. రోడ్డు మీది మెయిన్ లైను నుంచి మన గేటు లోపలికి వచ్చే సర్వీసు పైపు. అది దాదాపు ప్రతి గల్లీలో మోరీని దాటుకొని వస్తుంది. కొన్నిచోట్ల మోరీ మీదుగా, చాలాచోట్ల మోరీ మధ్యలోంచి, మురుగులో మునిగి. ఇంటి ముందు బండ కప్పేసి ఉంటుంది కాబట్టి ఏళ్ళ తరబడి ఎవరూ చూడరు.

అది ఎందుకంత ముఖ్యమంటే, మన నల్లా నీళ్ళు ఇరవై నాలుగు గంటలూ రావు. వచ్చినంతసేపు పైపులో ప్రెషర్ ఉంటుంది, చిల్లు ఉన్నా నీళ్ళు బయటికే చిమ్ముతాయి. సరఫరా ఆగాక లైను ఖాళీ అవుతుంది, ఖాళీ అవుతూ లోపలికి పీల్చుకుంటుంది. మోరీలో మునిగిన పైపుకు సూది మొనంత చిల్లు ఉన్నా ఆ గంటలన్నీ మోరీ నీళ్ళు లోపలికి ఊరుతాయి. మరుసటి సరఫరాలో మన సంపులోకి ముందుగా వచ్చేవి అవే. దీనికి తోడు నల్లా పైపుకే నేరుగా మోటారు బిగిస్తారు కదా, ప్రెషర్ సరిపోవట్లేదని, పక్కింటివాళ్ళు పెట్టారు కాబట్టి మనమూ అని. ఆ మోటారు మెయిన్ లైనులోని నీళ్ళనే కాదు, చిల్లులోంచి మోరీని కూడా లాగుతుంది. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి మోటార్లు పట్టుకుపోతే గొడవ పడతాం, వాళ్ళు చేసేది నూటికి నూరుపాళ్ళు సరైన పని. నీళ్ళు మొదట సంపులో తమంతట తాముగా పడాలి, మోటారు సంపు నుంచి ట్యాంకుకు పెట్టుకోవాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

టైఫాయిడ్, కామెర్లు, వాంతులు విరేచనాలు ఈ దారిలోనే వస్తాయి. ఇంట్లో పిల్లలకు తరచూ కడుపు చెడితే బయటి పానీపూరీ మీద తోసేస్తాం. వానాకాలంలో అయితే మరీ. 2023 జూలైలో వరంగల్‌లో కాలనీలు మునిగినప్పుడు రోడ్డుకూ మోరీకీ తేడా లేకుండా పోయింది, మోరీ అడుగున ఉన్న సర్వీసు పైపులు ఏ నీళ్ళలో నానాయో వేరే చెప్పాలా?

మా ఇంటి సంగతి చెబుతానన్నాను కదా. గల్లీలో మోరీ కొత్తగా కట్టడానికి తవ్వినప్పుడు మా సర్వీసు పైపు బయటపడింది. బాపు పట్టుబట్టి కొన్న అదే ఎర్ర పట్టీ పైపు. మురుగులో ఉన్న భాగం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది, మా ప్లంబరన్న వేలితో నొక్కితే పెచ్చు ఊడింది. బాత్రూమ్ గోడలో అదే రోజుల్లో వేసిన పైపును కూడా అనుమానంతో కోయించి చూస్తే లోపల సున్నం పొర తప్ప ఏమీ లేదు. "గోడలోది వదిలెయ్యండి సారూ, అది మనకంటే గట్టిగుంది, ఈ బయటి ముక్కనే మిమ్ములను దవాఖానకు పంపేది" అన్నాడు. బాపుకు ఆ రోజు కొంచెం గర్వం, కొంచెం చిన్నతనం. అవ్వ మాత్రం "ఇన్నేండ్లు గీ నీళ్ళేనా తాగింది" అని చాలాసేపు గొణిగింది. మందం పైపు కొనడం మంచి పనే, కాకపోతే దాన్ని ఎక్కడి నుంచి తీసుకెళ్ళాం అన్నది దానికంటే పెద్ద విషయం.

తవ్వకుండానే తెలుసుకోవచ్చా అంటే చాలావరకు తెలుసుకోవచ్చు. సరఫరా మొదలైన తొలి నిమిషాల్లో నీళ్ళు వాసన వచ్చినా, నల్లగా మడ్డి కనబడినా అనుమానించాల్సిందే. క్లోరిన్ చూసే చిన్న కిట్లు దొరుకుతాయి, చుక్కలు వేస్తే నీళ్ళు పసుపురంగుకు తిరుగుతాయి. ఇంటి నల్లా దాకా వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. ఒకే సమయంలో పక్కింటి నల్లాలో పసుపు వచ్చి మీ నల్లాలో రాకపోతే, మెయిన్ లైను బాగానే ఉంది, తేడా మీ సర్వీసు పైపులో ఉండొచ్చు. నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు గది వేడిలో ఉంచే హెచ్‌టూఎస్ సీసాలు కూడా ఉన్నాయి, నల్లబడితే మలినం కలిసిందని అనుమానం. ఈ పరీక్ష సంపు నీళ్ళకు కాకుండా నల్లా నీళ్ళకు చేయండి, లేకపోతే తప్పు సంపుదా పైపుదా తేలదు.

మార్చేటప్పుడు మోరీలో జాయింటు లేకుండా ఒకే ముక్కగా దాటించాలి. నీలం రంగు ఎండీపీఈ అనే ప్లాస్టిక్ పైపు చుట్టగా వస్తుంది, వంగుతుంది, తుప్పు పట్టదు. దాన్ని ఇంకో పెద్ద పైపులో దూర్చి, వీలైతే మోరీ మురుగు మట్టానికి పైనుంచి తేవాలి. రోడ్డు తవ్వడానికి మునిసిపల్ అనుమతి తీసుకోండి, తిరిగే ఓపిక లేక ఈ పని వాయిదా వేసేవాళ్ళే ఎక్కువ.

ఇంక గోడల్లో పైపులు నిజంగానే పోయాయనుకోండి. నా సలహా చాలామందికి నచ్చదు: గోడలు పగలగొట్టకండి. పాత లైనును రెండు వైపులా మూసేసి గోడలోనే చచ్చిపోనివ్వండి, కొత్త లైను బయటి గోడ మీంచి క్లాంపులు వేసి తెప్పించుకోండి, బాత్రూమ్‌లోకి నల్లా దగ్గర మాత్రం రంధ్రం చేసి దూర్చండి. అందం పోతుందంటారు. పోతే పోనీ. కారితే కంటికి కనబడుతుంది, ఒక పూటలో బాగవుతుంది, టైల్స్ కొట్టనక్కర్లేదు. పైగా పాత ఇటుక గోడలో మళ్ళీ గాడి కోస్తే ఆ గోడకే ముప్పు.

ఏ పైపు వేయాలంటే, ఇంట్లో సీపీవీసీ, ఆ లేత పసుపు రంగు ప్లాస్టిక్‌ది. 93 డిగ్రీల వేడి దాకా ఓర్చుకుంటుంది. తెల్ల ప్లాస్టిక్ యూపీవీసీ చల్లనీళ్ళకే, కొంతమంది కాంట్రాక్టర్లు డబ్బులు మిగుల్చుకోవడానికి గీజరు లైనుకు కూడా అదే వేసేస్తారు, కొన్నాళ్ళకు మెత్తబడి నడుమ వంగుతుంది. మీ గీజరు కింద తెల్ల పైపు కనబడితే అది కారే దాకా ఆగక్కర్లేదు, రేపే మార్పించండి. సీపీవీసీకి దాని గమ్మే వాడాలి, యూపీవీసీ గమ్ము కాదు. మేడ మీద ఎండలో ఉన్న ప్లాస్టిక్ పైపు ఏదైనా పెళుసుబారుతుంది, మన వైపు మే నెల ఎండ ఎట్లుంటుందో రామగుండం వాళ్ళను అడగండి. దానికి తెల్ల ఎమల్షన్ పూస్తే చాలు, ఎంతో కాలం కాస్తుంది. గోరుతో గీకితే తెల్ల పొడి రాలుతున్న, తడితే చిట్లుతున్న పాత పీవీసీ ఉంటే తీసేయండి. పాత పీవీసీలో ప్లాస్టిక్ చెడిపోకుండా సీసం కలిపిన స్టెబిలైజర్లు వాడేవారు, 2021లో కేంద్రం దాని మీద నిబంధనలు తెచ్చింది, అంతకుముందు వేసిన బోరు పైపు ముక్కలతో తాగునీటి లైను లాగి ఉంటే అది కూడా మార్చే జాబితాలోదే. కొత్త లైను వేశాక గమ్ము ఆరడానికి ఒక రోజు వదిలి, చేతి పంపుతో ప్రెషర్ ఎక్కించి మీటరు ముల్లు దిగట్లేదని కళ్ళారా చూశాకే ప్లంబరుకు మిగతా డబ్బులివ్వండి. ఎక్కడైనా పైపు గోడలో మూయాల్సి వస్తే ముందు ఫోన్లో ఫొటోలు తీసుకోండి, రేపు మేకు కొట్టేవాడికి పనికొస్తాయి.

డబ్బులు ఒక్కసారే లేకపోతే వరుస ఇది: ముందు మోరీ దాటే ముక్క, తరువాత వంటింటి లైను, తరువాత వేడినీళ్ళ లైను, మిగతా చల్లనీళ్ళ లైను చివర. టాయిలెట్ ఫ్లష్‌కు పోయే పైపు లోపల తుప్పు పట్టి ఉంటే ఇంకో రెండేళ్ళు ఆగినా ఎవరి ఆరోగ్యమూ చెడదు. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం, చుట్టాలు వాడే బాత్రూమ్ ముందు, మోరీ ఎప్పటికీ కాదు.

కిరాయి ఇళ్ళ సంగతి వేరే. హన్మకొండలో యూనివర్సిటీ, కాలేజీలు, కోచింగుల వల్ల ఒక్కో ఇంట్లో నాలుగేసి పోర్షన్లు, పైపు మాత్రం తాతల నాటిదే. ఎర్రనీళ్ళు వస్తున్నాయని చెబితే "ఫిల్టర్ పెట్టుకోండి" అంటారు ఓనర్లు. సర్వీసు పైపు, గోడలో లైను ఓనరు ఆస్తి, కిరాయిదారు ఏడాది ఉండి పోతాడు, ఆ పైపు ఇంటితోనే ఉంటుంది, కాబట్టి ఖర్చు ఓనరే పెట్టుకోవాలి. పెట్టుకోను అనే ఓనరుతో అడ్వాన్సు ఇచ్చాక వాదించి గెలిచినవాళ్ళను నేను చూడలేదు. అందుకే ఇల్లు చూడటానికి సాయంత్రం పోకుండా పొద్దున్నే, పోర్షన్‌లో ఎవరూ నల్లా తిప్పకముందే ఒక తెల్ల మగ్గు పట్టుకొని వెళ్ళండి, గేటు ముందు బండ ఎత్తి మోరీలో పైపు ఎట్లా ఉందో కూడా చూడండి, ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.